నిద్ర సరిగ్గా లేకపోతే చిగుళ్లు పాడవుతాయా? రాత్రి డ్యూటీ చేసేవాళ్లు చెప్పండి

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి

అందరికీ నమస్కారం. గచ్చిబౌలిలో ఒక సపోర్ట్ ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. కొన్నేళ్లుగా రాత్రి డ్యూటీయే. సాయంత్రం క్యాబ్ ఎక్కితే తెల్లవారుజామున ఇంటికి చేరతాను. వయసు 34. చాలాకాలంగా బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. ఈ మధ్య జామకాయ కొరికినా కొరికిన చోట ఎర్రగా అంటుకుంటోంది.

మొన్న డెంటల్ డాక్టర్ దగ్గరికి వెళ్లాను. గీతలు ఉన్న సన్నటి కడ్డీ ఒకటి ప్రతి పన్ను పక్కనా చిగురులోకి దించుతూ "మూడు, రెండు, మూడు... నాలుగు, అయిదు, ఆరు" అని అంకెలు చెప్తుంటే పక్కనున్న అమ్మాయి రాసుకుంది. ముందు పళ్ల దగ్గర రెండూ మూడూ, కింది వెనక పళ్ల దగ్గర అయిదూ ఆరూ. కడ్డీ బయటికి తీసిన ప్రతిచోటా రక్తం చుక్క నిలబడింది, అద్దంలో చూపించారు. ఆ తర్వాత నేను అనుకోని ప్రశ్నలు అడిగారు. రోజుకు ఎన్ని గంటలు పడుకుంటారు, నోరు తెరుచుకుని పడుకుంటారా, గురక ఉందా, లేచేసరికి నాలుక అంగిలికి అతుక్కుని ఉంటుందా అని. షుగర్ టెస్ట్ కూడా రాశారు.

నా డౌట్ ఏమిటంటే, పళ్ల సంగతికీ నిద్రకూ సంబంధం ఉందా? నెట్‌లో చూస్తే ఒకచోట ఉందని, ఇంకోచోట లేదని. రాత్రి డ్యూటీ మానేయడం ఇప్పట్లో కుదరదు, ఇంటి లోన్ నడుస్తోంది. ఈ డ్యూటీ చేస్తూనే ఏం జాగ్రత్త పడొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక_అక్క

తమ్ముడూ, మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో మూడు షిఫ్టులూ చేసి రిటైరయ్యారు. సి షిఫ్టు దిగి పొద్దున ఇంటికొచ్చి, నాలుగు ఇడ్లీ తిని, టీ తాగి, కర్టెన్ వేసుకుని పడుకునేవారు. మధ్యాహ్నం రెండింటికి లేచి అప్పుడు పళ్లు తోముకునేవారు. అంటే తిన్నది నోట్లో పెట్టుకుని ఆరేడు గంటలు నిద్ర! అడిగితే "లేచాక తోముకుంటాను కదా" అనేవారు.

మన ఇళ్లలో పళ్లు తోమడమంటే లేవగానే, కాఫీకి ముందు చేసే పని. పాచి మొహంతో నీళ్లయినా తాగనివ్వరు కానీ, ఎంగిలి నోటితో పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. పగలు పడుకునేవాళ్లకైతే ఆ "రాత్రి బ్రష్" అన్న మాట గుర్తుకే రాదు, ఎందుకంటే వాళ్లు పడుకునేది రాత్రి కాదు. ఆయనకు కింది వెనక పళ్లు రెండు కదిలి కదిలి చివరకు తీయించాల్సి వచ్చింది. పుచ్చు లేదు, నొప్పి లేదు, చూడ్డానికి మంచి పళ్లే. నిద్ర వల్లే అని నేను చెప్పలేను. ఆ అలవాటు మాత్రం ఇవాళే మార్చుకో.

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

నేను చిగుళ్ల వైద్యంలో ఎండీఎస్ చేసి విజయవాడలో ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ రోగనిర్ధారణ చేయను, అది నోరు చూసి చేయాల్సిన పని. కానీ గాజువాక అక్కగారు అసలు విషయం పట్టుకున్నారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చిగుళ్ల జబ్బుకు మూలం పాచి. పంటికీ చిగురుకూ మధ్య సందులో పేరుకునే సూక్ష్మజీవుల పొర అది. తీసేయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార పట్టాక బ్రష్‌తో పోదు. ముందు చిగురు వాచి రక్తం కారుతుంది. అది జింజివైటిస్, పూర్తిగా నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే కొందరిలో వాపు లోపలికి దిగి పంటిని పట్టుకున్న ఎముకను కరిగిస్తుంది. అది పెరియోడాంటైటిస్. దాన్ని అదుపు చేయగలం కానీ కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు. డాక్టర్ గారు చెప్పిన అంకెలు మిల్లీమీటర్లు. మూడు దాకా మామూలు. నాలుగు, ఆపైన ఉండి రక్తం కూడా వస్తుంటే లోపల పని నడుస్తోందని అర్థం. అయిదు, ఆరు లోతున్న సందులోకి ఏ బ్రష్షూ వెళ్లదు.

ఇక నిద్ర సంగతి. మనకు రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నోటిని కడుగుతుంది, ఆమ్లాన్ని విరుస్తుంది, సూక్ష్మజీవులను ఎదుర్కొనే లైసోజైమ్ లాంటివి అందులో ఉంటాయి. నిద్రలోకి జారగానే ఆ ఊట దాదాపు ఆగిపోతుంది, మింగడమూ తగ్గిపోతుంది. పారే నీటిలో రాయికి పట్టని పాచి నిలవ నీటిలో ఎలా పడుతుందో అలాంటిదే ఇది. కాబట్టి తిన్న నోటితో పడుకోవడమంటే రక్షణ లేని సమయంలో పాచికి మేత వేసినట్టే. దీనికి పైన నోరు తెరుచుకుని పడుకుంటే ఆ ఉన్న కాస్త తడి కూడా ఆరిపోతుంది. అలాంటివాళ్లను పై ముందు పళ్ల దగ్గర చూసి గుర్తుపట్టవచ్చు. పై పెదవి మూయని మేరకు చిగురు ఎర్రగా, ఉబ్బి, నున్నగా మెరుస్తుంటుంది. పెదవి కప్పే చోటికి రాగానే మామూలు రంగు.

రెండోది శరీరం లోపల జరిగేది. ఆరోగ్యంగా ఉన్న యువకులను ఎనిమిది గంటల బదులు వారంపాటు ఆరు గంటలే పడుకోనిస్తే రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 అనే వాపు పదార్థం పెరిగినట్టు 2004లో వచ్చిన ఒక ప్రయోగం చూపించింది. చిగుళ్ల జబ్బులో ఎముకను కరిగించేది సూక్ష్మజీవులు నేరుగా కాదు, వాటి మీద మన శరీరం చేసే అతి పోరాటమే. ఆ పోరాటం అప్పటికే ఎక్కువ మంటలో ఉంటే నష్టం కూడా ఎక్కువగా ఉండటానికి అవకాశం ఉంది.

షుగర్ పెరిగినా చిగుళ్లు చెడతాయి. మీ డాక్టర్ గారు షుగర్ టెస్ట్ రాసింది అందుకే. తప్పకుండా చేయించండి.

లెక్కల_మాస్టారు

డాక్టర్ గారూ, బాగా రాశారు. కానీ చివరి భాగం మీద నాకు అభ్యంతరం ఉంది. వారంపాటు నిద్ర తగ్గిస్తే రక్తంలో ఏదో పెరగడం వేరు, దానివల్ల ఎముక కరగడం వేరు. నిద్ర మీదా చిగుళ్ల మీదా వచ్చినవాటిలో ఎక్కువ భాగం సర్వేలు. ఒకే సమయంలో "ఎన్ని గంటలు పడుకుంటారు" అని అడిగి, అప్పుడే నోరు చూసి రాసుకున్నవి. ఏది ముందు వచ్చిందో ఎలా తెలుస్తుంది? పైగా తక్కువ నిద్రపోయేవాళ్లలో సిగరెట్లు ఎక్కువ, టెన్షన్ ఎక్కువ, డాక్టర్ దగ్గరికి వెళ్లే తీరిక తక్కువ. వాటిని లెక్కలోంచి తీసేస్తే మిగిలేది ఎంత? కొరియా, అమెరికా జాతీయ సర్వేల మీద వచ్చిన ఫలితాలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. కొన్నింటిలో తక్కువ నిద్ర ఉన్నవాళ్లలో జబ్బు ఎక్కువ, కొన్నింటిలో ఎక్కువసేపు పడుకునేవాళ్లలో ఎక్కువ.

ఇది మాటల కోసం వేసిన ప్రశ్న కాదు. "నిద్రపోతే చిగుళ్లు బాగవుతాయట" అని చదివి జనం స్కేలింగ్ (గార తీయించడం) మానేస్తారేమో అని నా భయం.

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

మాస్టారూ, మీ భయం న్యాయమైనదే. నిద్ర గంటలకూ చిగుళ్లకూ ఉన్నది ఇప్పటికి సంబంధమే, కారణమని రుజువు కాలేదు. పాచి విషయంలో అయితే ఆ అనుమానం లేదు. 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హెరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం పూర్తిగా మాన్పించింది. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం రోజుల్లో తగ్గిపోయాయి. నిద్ర మీద అలాంటి ప్రయోగం లేదు. కాబట్టి నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: గార తీయించడం, పాచి తీయడం అసలు వైద్యం. నిద్ర దానికి తోడు. తోడుని వైద్యం అనుకోకూడదు.

కానీ గురక, నిద్రలో ఊపిరి ఆగడం, నోరు ఆరడం, షుగర్, పడుకునే ముందు తోమకపోవడం: ఇవన్నీ నిద్ర చుట్టూ ఉన్న విషయాలే. అడిగితేనే బయటపడతాయి. మీ డాక్టర్ గారు అడిగిన ప్రశ్నలు నేనూ అడుగుతాను. గంటల లెక్క కంటే ఈ ప్రశ్నల వల్లే నాకు ఎక్కువ విషయం తెలుస్తుంది.

న్యూజెర్సీ_శాంతి

గురక మాట వచ్చింది కాబట్టి మా ఇంటి సంగతి చెప్తాను. మా వారికి పెళ్లయినప్పటి నుంచీ గురక. "బాగా అలసిపోయాడు పాపం, మంచి నిద్ర" అని మా అత్తగారు మురిసిపోయేవారు. మధ్యలో ఒక్కసారిగా గురక ఆగి, నిశ్శబ్దం అయిపోయి, ఉలిక్కిపడ్డట్టు మళ్లీ ఊపిరి తీసుకునేవారు. ఇక్కడ పళ్లు క్లీన్ చేసే హైజీనిస్ట్ అమ్మాయి ప్రతిసారీ ముందు చిగుళ్లే చూసి "నోటితో ఊపిరి పీలుస్తారా" అని అడిగేది. ఆఖరికి స్లీప్ స్టడీ చేయించాం. వేలికి, ముక్కుకి, ఛాతీకి వైర్లు పెట్టుకుని ఇంట్లోనే పడుకోవడం. పది సెకన్లు, ఆపైన ఊపిరి ఆగిన లేదా బాగా తగ్గిన సందర్భాలను లెక్కపెడతారు. గంటకు 5 దాటితే స్లీప్ ఆప్నియా, 30 దాటితే తీవ్రమైనది. ఆయనకు 30 దాటింది.

నిద్రలో మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ మెషీన్ ఇచ్చారు. మొదట్లో నోరు ఇంకా ఎండిపోయింది. ముక్కు మాస్క్ పెట్టుకుంటే నోట్లోంచి గాలి లీక్ అయ్యేది. మెషీన్‌లో నీళ్ల గిన్నె ఉంటుంది, గాలికి తేమ పట్టేలా. దాన్ని వేడి చేసే సెట్టింగ్ పెంచి, మాస్క్ మార్చాక సర్దుకుంది. ఇప్పుడు చిగుళ్లు చాలా నయం. అయితే అదే సమయంలో చిగురు లోపలి గార తీసే డీప్ క్లీనింగ్ కూడా చేయించాం కాబట్టి, మాస్టారు అన్నట్టు, దేనివల్ల ఎంత తగ్గిందో నేను విడదీసి చెప్పలేను. పగలు తలనొప్పి, కారు నడుపుతూ కునుకు రావడం పోయాయి. అది మాత్రం మెషీన్ వల్లే. ఆ ఒక్కదానికే అయినా గురక ఉన్నవాళ్లు టెస్ట్ చేయించుకోవాలి.

సింగరేణి_బిడ్డ

మాది గోదావరిఖని. నాన్న బాయిలో పనిచేశారు. గనిలోపల బీడీ, అగ్గిపెట్టె నిషేధం కదా, అందుకని చాలామంది తంబాకు దవడన పెట్టుకుంటారు. అలవాటై ఇంటికొచ్చాక కూడా పోదు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నప్పుడు కూడా నాన్నకు దవడలో తంబాకు ఉండేది. నిద్రపోయినంతసేపూ అదే చోట. సరిగ్గా ఆ చోటనే చిగురు కిందికి జారి పంటి వేరు బయటపడింది. లోపల చెంప తెల్లగా మందంగా అయింది. అది చూసి ఊళ్లో డాక్టర్ వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ కాదన్నారు. నాన్న తంబాకు మానేశారు.

రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి గుట్కా, ఖైనీ వేసేవాళ్లు ఎందరో. డ్రైవర్లయితే చెప్పనక్కర్లేదు. దీని గురించి కూడా డాక్టర్ గారు ఒక మాట చెప్తే బాగుంటుంది.

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

చాలా ముఖ్యమైన విషయం రాశారు. నాన్నగారికి తెల్లమచ్చ ఉన్న చోటును ఏడాదికి ఒకటి రెండుసార్లయినా చూపిస్తూనే ఉండండి, మానేసినా సరే.

పొగాకుతో ఇంకో ప్రమాదం ఉంది. సిగరెట్, బీడీ, చుట్ట తాగేవాళ్లలో చిగుళ్ల నుంచి రక్తం తక్కువగా వస్తుంది. చిగురు పైకి పాలిపోయి గట్టిగా కనిపిస్తుంది, లోపల ఎముక కరిగిపోతూ ఉంటుంది. "నాకు రక్తమే రాదు డాక్టర్" అని వచ్చినవాళ్ల ఎక్స్‌రేలో సగం ఎముక లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. మానేశాక కొన్నాళ్లు రక్తం రావడం పెరగవచ్చు. అది చూసి భయపడి మళ్లీ మొదలుపెట్టకండి. నికోటిన్ నిద్రను కూడా చెడగొడుతుంది.

కాకినాడ_కుర్రాడు

నోటికి టేప్ వేసుకుని పడుకుంటే ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారని రీల్స్‌లో చూపిస్తున్నారు. చిగుళ్లకు మంచిదా?

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

వద్దు. ముక్కు మూసుకుపోయినవాళ్లు, స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు నోటితో ఊపిరి తీసుకునేది గత్యంతరం లేక. ఆ దారి మూసేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ముందు ముక్కు ఎందుకు ఆడటం లేదో ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి. ఎలర్జీ కావచ్చు, మధ్య గోడ వంకర కావచ్చు, కండ పెరిగి ఉండవచ్చు.

తెనాలి_అమ్మ

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. నోరు తెరిచే పడుకుంటాడు, దిండు తడిసిపోతుంది. ముందు చిగుళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. నేనే దగ్గరుండి తోమిస్తాను, అయినా తగ్గదు. పళ్ల డాక్టర్ చూసి, ఇది బ్రష్ వల్ల తగ్గేది కాదమ్మా, ముక్కు చూపించు అన్నారు. ఎడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగాయట. ముక్కులో స్ప్రే రాసిచ్చారు, తగ్గకపోతే ఆపరేషన్ అంటున్నారు. ఇక్కడ చదివాక ధైర్యం వచ్చింది. ఇన్నాళ్లూ మా వాళ్లంతా "పిల్లాడు సరిగ్గా తోముకోడు" అని వాడినే తిట్టేవారు.

గాజువాక_అక్క

అమ్మా, పిల్లాడిని తిట్టొద్దని మీ ఇంట్లో ఇది చదివి వినిపించండి.

రాజమండ్రి_షుగర్

షుగర్ మాట ఎత్తారు కాబట్టి చెప్తున్నాను. నాకు పదేళ్లకు పైగా షుగర్ ఉంది. కంట్రోల్ తప్పినప్పుడు రాత్రి మూడు నాలుగు సార్లు బాత్‌రూమ్‌కి లేవాలి. లేచినప్పుడల్లా నోరు ఎండిపోయి ఉంటుంది, షుగర్ డౌన్ అవుతుందేమో అని భయపడి రెండు బిస్కెట్లు తిని పడుకునేవాడిని. అదే రోజుల్లో చిగుళ్లు వాచి, ఒకచోట చీము గడ్డ కట్టింది. యాంటీబయాటిక్ వాడితే తగ్గేది, నెల తిరిగేసరికి మళ్లీ. ఇలా ఎన్నోసార్లు వేసుకున్నాక ఒక డాక్టర్ గారు "మందు కాదు, లోపలి గార తీయాలి" అని నాలుగు సిట్టింగుల్లో మత్తు ఇచ్చి శుభ్రం చేశారు. ఆ తర్వాత నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) కూడా కొంచెం తగ్గింది. అది నిజంగా దానివల్లేనా?

లెక్కల_మాస్టారు

దీనికి నేను జవాబు చెప్తాను, ఎందుకంటే ఇక్కడ సాక్ష్యం గట్టిగా ఉంది. షుగర్ ఉన్నవాళ్లను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు చిగుళ్ల వైద్యం చేసి, ఇంకో గుంపుతో పోల్చిన ప్రయోగాలు ఎన్నో ఉన్నాయి. అన్నిటినీ కలిపి కోక్రేన్ సంస్థ 2022లో లెక్కకట్టింది. వైద్యం చేయించుకున్నవాళ్లలో మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ సగటున 0.43 పాయింట్లు తగ్గింది. ఒక్కోసారి అదనంగా ఒక మాత్ర వేస్తే తగ్గేంత. కాబట్టి మీ అనుభవం ఆ లెక్కకు సరిపోతుంది. నేను ముందు అడిగింది ఇలాంటి సాక్ష్యమే.

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. షుగర్ పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లలో వాపు ఉంటే షుగర్ అదుపులోకి రాదు. మధ్యలో నిద్ర చెడటం రెండింటికీ చేటు కావచ్చు. రాజమండ్రి వారికి ఒక మాట: అర్ధరాత్రి షుగర్ డౌన్ అయిందో లేదో మీటర్‌తో చూసుకోండి. నిజంగా డౌన్ అయితే తినాల్సిందే, అక్కడ పళ్ల సంగతి తర్వాత. తిన్నాక నీళ్లతో బాగా పుక్కిలించి పడుకోండి. రాత్రిళ్లు తరచూ డౌన్ అవుతుంటే మందు డోసు సరిచేయాలి, మీ షుగర్ డాక్టర్‌కు చెప్పండి. బిస్కెట్లతో సర్దుకోవద్దు.

పల్లె_వైద్యం

ఇంత గొడవ దేనికి? పడుకునే ముందు నువ్వుల నూనె పుక్కిలించి, ఉప్పు, పసుపు కలిపి చిగుళ్లకు రుద్దితే సరి. మా తాత వేప పుల్లతోనే తోముకున్నారు, 80 ఏళ్లకూ చెరకు నమిలారు.

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

తాతగారు అదృష్టవంతులు. ఉప్పు నీళ్లు పుక్కిలిస్తే వాపుకు ఉపశమనం ఉంటుంది, నేనూ చెప్తాను. కానీ ఉప్పు పొడిగా చిగుళ్లకు రుద్దితే ఒరుసుకుపోతాయి. వేప పుల్ల మెత్తగా నమిలి వాడితే బయటి పాచి పోతుంది, పంటికీ పంటికీ మధ్య పోదు. అన్నిటికంటే ముఖ్యంగా, నాలుగు మిల్లీమీటర్ల కింద గట్టిగా అంటుకున్న గారను నూనె కానీ, పసుపు కానీ, మౌత్‌వాష్ కానీ తీయలేవు. అది పనిముట్టుతో గీకి తీయాల్సిందే.

మౌత్‌వాష్ మాట వచ్చింది కాబట్టి: మెడికల్ షాపులో దొరికే క్లోర్‌హెక్సిడిన్ కొన్నాళ్లకు మించి సొంతంగా వాడకండి. పళ్లు గోధుమరంగు పడతాయి, రుచి తెలియదు. ఆల్కహాల్ ఉన్న రకాలు ఎండిన నోటిని ఇంకా ఎండబెడతాయి.

నైట్‌షిఫ్ట్_కూకట్‌పల్లి

కొన్ని వారాలు అయింది, అప్‌డేట్ ఇస్తున్నాను. మీరంతా ఇంత ఓపిగ్గా రాసినందుకు ధన్యవాదాలు.

హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. షుగర్ ఇంకా రాలేదు, గడప దాకా వచ్చిందన్నారు. రెండు విడతలుగా డీప్ క్లీనింగ్ చేశారు. గురక టెస్ట్‌కు కూడా పేరు ఇచ్చాను, ఇంకా నా వంతు రాలేదు.

అక్క చెప్పినట్టు బ్రష్‌ను లేవడానికి కాకుండా పడుకోవడానికి ముడిపెట్టాను. డ్యూటీ నుంచి వచ్చి ఆకలేస్తే పెరుగన్నం తింటాను, అరగంట ఆగి తోముకుంటాను, అద్దం ముందు నిలబడి రెండు నిమిషాలు. తర్వాత వెనక పళ్ల సందుల్లో చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్‌లు, ఒక్కో సందుకు ఒక్కో సైజు. మొదటి వారం తీసిన ప్రతిసారీ బ్రష్ ఎర్రగా వచ్చేది, పైగా వాసన. భయపడి మానేద్దామనుకున్నాను. డాక్టర్ మానొద్దు, రక్తం వచ్చే చోటే ఎక్కువ అవసరం అన్నారు. ఇప్పుడు శుభ్రంగా వస్తోంది. డ్యూటీలో రెండింటికి తాగే చక్కెర టీ, దాంతోపాటు బిస్కెట్లు మానేశాను. గదికి నల్ల కర్టెన్ వేయించాను, ఫోన్ హాల్లో పెట్టి పడుకుంటున్నాను. నిద్ర అయిదు గంటల నుంచి ఆరున్నర దాకా వచ్చింది.

ఒక్క టెన్షన్ ఉంది. క్లీనింగ్ తర్వాత కింద పళ్ల మధ్య సందులు కనిపిస్తున్నాయి, చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటోంది. "స్కేలింగ్ చేయిస్తే పళ్లు లూజ్ అవుతాయి, నేను ముందే చెప్పాను" అని మా మామయ్య ఒకటే గొడవ.

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

మామయ్యగారికి ఇలా చెప్పండి. ఆ సందుల్లో ఇన్నాళ్లూ గార, వాచిన చిగురు నిండి ఉన్నాయి. గార తీశాక వాపు దిగి చిగురు అసలు ఉండాల్సిన చోటికి వెళ్లింది. ఎముక అంతకుముందే పోయింది, ఇప్పుడు కనిపిస్తోంది అంతే. గార పట్టుకుని ఉండటం వల్ల పన్ను గట్టిగా అనిపించేది, అది ఆధారం కాదు. జివ్వుమనడం చాలామందిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. సెన్సిటివిటీ పేస్ట్ వాడండి, తగ్గకపోతే చూపించండి.

రెండు మూడు నెలలకు మళ్లీ ఆ కడ్డీతో లోతులు కొలిపించుకోవడం మరిచిపోవద్దు. అయిదూ ఆరూ ఉన్న చోట్ల ఎంతకు దిగిందో చూసి తర్వాతి సంగతి నిర్ణయిస్తారు. కొన్నిచోట్ల దిగకపోతే చిగురు తెరిచి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ అవసరపడవచ్చు. ఆ తర్వాత మూడు నెలలకోసారి క్లీనింగ్. ఈ జబ్బు వచ్చినవాళ్లకు ఏడాదికోసారి సరిపోదు.

ఖర్చు గురించి ప్రైవేటు మెసేజ్‌లో ఇద్దరు అడిగారు. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీలో, ఇక్కడ విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలో చిగుళ్ల విభాగం ఉంది. కాస్త క్యూ ఉంటుంది, కానీ పీజీ డాక్టర్లు ఓపిగ్గా చేస్తారు.

ఖమ్మం_రవళి

ఆలస్యంగా చూశాను. మా అమ్మకు 68. నిద్రపట్టక రాత్రిళ్లు కూర్చుని ఉంటుంది. పళ్లు కొరుకుతుందని నాన్న అంటారు, పొద్దున దవడ నొప్పి అంటుంది. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంది. చిగుళ్లు పళ్ల మీదికి ఉబ్బి వస్తున్నాయి. పైన నాలుగు పళ్లకు తీసిపెట్టే సెట్ ఉంది, దాన్ని తీయకుండానే పడుకుంటుంది. నిద్రలేమి వల్లే చిగుళ్లు పెరిగాయా డాక్టర్ గారూ? పళ్లు కొరకడం వల్లా?

చిగుళ్ల_డాక్టర్_బెజవాడ

రవళి గారూ, చిగుళ్లు పళ్ల మీదికి పెరగడానికి నేను ముందు అనుమానించేది ఆ బీపీ మాత్రను. ఆమ్లోడిపిన్ వాడే కొందరిలో ఇలా జరుగుతుంది, పాచి ఉంటే ఇంకా ఎక్కువ. మాత్ర మీరే ఆపేయకండి. బీపీ డాక్టర్‌కు చిగుళ్లు చూపించి, వేరే రకం మార్చవచ్చా అని అడగండి. మార్చి, శుభ్రం చేయిస్తే చాలావరకు తగ్గుతుంది.

పళ్లు కొరకడం వల్ల చిగుళ్ల జబ్బు పుట్టదు. ఆ నొప్పి దవడ కండరాలది. పళ్లు అరిగిపోతుంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) చేస్తారు. నిద్ర కోసం అమ్మగారు ఏమైనా మాత్రలు వాడుతుంటే వాటి పేర్లూ, ఎలర్జీ మాత్రలుంటే వాటి పేర్లూ రాసి తీసుకెళ్లండి, వాటిలో చాలావాటివల్ల నోరు ఎండుతుంది.

సెట్ మాత్రం ఇవాళ రాత్రి నుంచే తీయించండి. బ్రష్‌తో కడిగి నీళ్లున్న గిన్నెలో వేయాలి, వేడినీళ్లు వద్దు, వంకరపోతుంది. చిగురుకూ అంగిలికీ రాత్రంతా గాలి తగలాలి. జపాన్‌లో 85 ఏళ్లు దాటినవాళ్లను గమనించి 2015లో వేసిన ఒక అధ్యయనంలో సెట్ పెట్టుకునే పడుకునేవాళ్లలో న్యుమోనియా రెట్టింపుకు పైగా కనిపించింది. మందుల చీటీలు, సెట్ రెండూ సంచిలో వేసుకుని ఈ వారంలోనే దగ్గర్లో చిగుళ్ల డాక్టర్‌కు చూపించండి.

ఖమ్మం_రవళి

సోమవారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను డాక్టర్ గారూ. నిద్రకు ఏదో మాత్ర నిజంగానే వాడుతోందట, ఇప్పుడే అడిగాను. చీటీ వెతుకుతున్నాం.